తిరువొత్తియూరుకు రాని టోర్నమెంటు

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, అంటే టిఫిన్ సెంటరుకు కూడా మెడలో ఆఫీసు ట్యాగు వేసుకునే వెళ్లే ఆ రోజుల్లో, నాకు తెలియని విషయం ఒకటి ఉందంటే చచ్చినా ఒప్పుకునేవాణ్ణి కాదు. వయసు ఇరవై మూడు. ఊరు గుంటూరు పక్క. మద్రాసు దక్షిణం చివర షోళింగనల్లూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎనిమిదో అంతస్తులో నాకో కుర్చీ ఉండేది. మా సరుకు కొందామా వద్దా అని ఆలోచించే కంపెనీలు మాకు చాంతాడంత ప్రశ్నల పట్టికలు పంపేవి. 'ఫలానా సదుపాయం మీ దగ్గర ఉందా?' అని వరసకో ప్రశ్న. ఎదురుగా 'ఉంది' అని రాయడం నా పని. లేకపోయినా సరే. "ముందు ఉందని రాసెయ్ బాబూ, ఆర్డరు వచ్చాక కట్టుకుందాం" అని మా సీనియరు మొదటి వారంలోనే ఉపదేశం చేశాడు. (ఆయన ఇప్పుడు చాలా పెద్ద పదవిలో ఉన్నాడు. దానికి కావాల్సిన అర్హతలన్నీ ఉన్నాయనే రాసి ఉంటాడు.) ఆ విద్యలో నేనెంత ఆరితేరానంటే, అమ్మ ఫోన్ చేసి తిన్నావా అని అడిగితే, ఆకలితో కడుపు మాడుతున్నా "ఆ, అయింది" అనేసేవాణ్ణి.

శనివారం వస్తే చాలు, హాస్టలు సాంబారుకు దండం పెట్టి తిరువొత్తియూరులో మా పెద్దమ్మ ఇంటికి పరిగెత్తేవాణ్ణి. మద్రాసు ఆ చివర నుంచి ఈ చివరకు ప్రయాణం. అప్పటికింకా అటు మెట్రో లేదు. రెండు బస్సులు, ఒక లోకల్ రైలు. పెదనాన్న వాళ్లు తాతల నాడే నెల్లూరు వైపు నుంచి వచ్చి అక్కడి ఫ్యాక్టరీల్లో కుదురుకున్నవాళ్లు. ఇంటి గడప దిగితే ఫుట్‌బాల్ మైదానం. దానికి ఒక పక్క మూతబడిన ఫ్యాక్టరీ గోడ, ఇంకో పక్క జాలర్ల ఇళ్లు, వాటి వెనక సముద్రం. పెదనాన్న వెల్డరు. నోట్లో రెండు వేళ్లు పెట్టి ఈల వేశాడంటే రైల్వే స్టేషన్లో ఉన్నవాళ్లు బండి కదిలిందనుకుని పరిగెత్తేవారు, అందుకే వీధంతా ఆయన్ని ఈలయ్య అనే పిలిచేది. ఆ వీధి ఫుట్‌బాల్ పిచ్చివాళ్లందరికీ ఆయనే పెద్ద.

కానీ ఆ పెద్దకు పెద్ద అవ్వ. అంటే పెదనాన్న వాళ్లమ్మ. ఆవిడ భర్త ఒకప్పుడు ఫ్యాక్టరీ జట్టుకు గోల్‌కీపరుగా ఆడేవాడట. ఆయనకు అన్నం క్యారియరు మోసుకుపోయి, ఆయన తినేదాకా గట్టు మీద కూర్చుని కూర్చుని ఆవిడ ఆట మొత్తం ఒంటబట్టించుకుంది. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో నాకు అర్థమయ్యేలా చెప్పింది అవ్వే, అరుగు మీద వేరుశెనక్కాయలు పేర్చి. (ఉడకబెట్టిన కాయలు. పాఠం మధ్యలోనే సగం జట్టును నేను తినేశాను.) మోకాళ్లు పూర్తిగా పోయినా సాయంత్రమయ్యేసరికి గీత పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చునేది, తప్పు పాసు ఇచ్చినవాడి వంశం మొత్తాన్నీ పలకరించేది. ఆ మైదానంలోనే మా చెల్లెలు, పెదనాన్న కూతురు, ఆ పేట ఆడపిల్లల జట్టుకు గోల్‌కీపరు. నగరంలోని పేటల జట్లన్నిటికీ ఏటా ఫిబ్రవరిలో పద్దెనిమిదేళ్లలోపు ఆడపిల్లల టోర్నమెంటు జరుగుతుంది. ఎప్పుడూ ఎక్కడో దూరంగానే. అవ్వ ఒక్కసారీ చూడలేదు.

ఆ సంవత్సరం కమిటీవాళ్లు, మా పేటలో జరిపించండి అని ఎవరైనా అర్జీ పెట్టుకోవచ్చని ప్రకటించారు. అవ్వ నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. "అబ్బయా, ఈ ఏడు గాకపోతే నాకింగ లేదు. పాపకి పద్దెనిమిది నిండితే ఆ టీములో ఆడనీరంట. నాకా బస్సెక్కేదానికి మోకాళ్లు రావు. మీ పెదనాన్నోళ్లు ఎత్తుకోని పోతామంటారు. నన్ను నలుగురు మోసేది ఒక్కసారేరా, దానికింకా టైముండాది. ఆ ఆటేదో ఈడికే తెప్పించు. నువ్వు కాగితాలు రాసే ఉద్యోగం కదా!" అంది. నా ఛాతీ ఎంత ఉబ్బిందంటే చొక్కా గుండీ ఒకటి తెగిపడాల్సింది. "అదెంత పని అవ్వా!" అన్నాను.

నిజంగానే ఎంతో పని కాదు. కమిటీవాళ్లు పంపిన కాగితంలో ఇరవై చిల్లర ప్రశ్నలున్నాయి. బట్టలు మార్చుకునే గది ఉందా? ఉంది. ఆడపిల్లలకు విడిగా మరుగుదొడ్లు? ఉన్నాయి. తాగునీళ్లు? ఉన్నాయి. ప్రథమ చికిత్స? ఉంది. జనం కూర్చునే చోటు? ఉంది. వాన నీళ్లు పోయే కాలవ? ఉంది. పావుగంటలో పూర్తి చేసి పంపేసి, పెద్దమ్మ పెట్టిన చేపల పులుసుతో రెండోసారి అన్నం కలుపుకుంటుంటే పెదనాన్న అడిగాడు.

"ఏం రాసినావురా?"

"అన్నీ ఉన్నాయని రాశాను పెదనాన్నా."

"యాడుండాయి?"

"ఉంటాయి. కమిటీవాళ్లు చూడ్డానికి వచ్చేలోపు ఉండాలి, అంతే."

"ఇవన్నీ ఉంటేనే ఇస్తామన్నారా?"

అలాగని వాళ్లెక్కడా అనలేదు. కానీ నేను పులుసు చెయ్యి నాకుతూ "అంతే మరి!" అన్నాను. పెదనాన్న ఒక్క క్షణం ఆలోచించి, "సరి, అయితే కట్టేద్దాం" అని లేచి చెయ్యి కడుక్కున్నాడు. నా మీద కోపం తెచ్చుకోలేదు. నెత్తీ కొట్టుకోలేదు. ఎనిమిదో అంతస్తులో మేము ఏసీ గదిలో కూర్చుని 'తర్వాత కట్టుకుందాం' అనుకునే మాటను ఆయన నిజంగా ఇటుకలూ సిమెంటూ అనుకున్నాడు.

కమిటీ రావడానికి మిగిలిన ఆ మూడు వారాల్లో నేను చూసింది ఎన్నటికీ మరచిపోను. ఫాదరును అడిగి చర్చి వెనక పిల్లల పాఠాల గదిని బట్టలు మార్చుకునే గది చేశారు. బ్యూటీ పార్లరు అక్క తన షాపులో అద్దం ఊడదీసి తెచ్చి అక్కడ బిగించింది. తాపీ పనివాళ్లు ఆదివారాలు సెలవు మానుకుని రెండు మరుగుదొడ్లు లేపారు. తలుపులు పెదనాన్న వెల్డింగ్. వాటికి రంగేసింది మా చెల్లెలి జట్టు. (గులాబీ రంగు. వద్దని అడ్డం పడిన పెదనాన్న చొక్కా కూడా అదే రంగయింది.) రిటైరైన నర్సమ్మ తన డబ్బా దులిపి కొత్త దూది నింపింది. జాలర్లు వలలు ఆరేసుకునే చోటు మార్చుకుని, పనికిరాని పడవలు రెండు బోర్లించి జనం కూర్చునేందుకు వరసగా పెట్టారు. నేను శనివారాలు వచ్చి పట్టికలో టిక్కులు పెట్టేవాణ్ణి. అంత కష్టపడినందుకు నాకు రెండు కప్పుల టీ కూడా ఇచ్చేవాళ్లు.

వాన నీళ్ల కాలవ ఒక్కటే కుదరలేదు. మైదానం కంటే రోడ్డు ఎత్తు. నీళ్లు ఎటు పోతాయి? పెదనాన్న రెండు ఆదివారాలు గునపం పట్టి తవ్వి, చివరికి తవ్విన గుంటలోనే కూర్చుని బీడీ ముట్టించాడు. డిసెంబరులో కమిటీ వస్తుందనగా ముందు రోజు రాత్రంతా కుంభవృష్టి. తెల్లారేసరికి ఒక గోల్‌పోస్టు ముందు మోకాలి లోతు నీళ్లు. వీధి వీధంతా బిందెలు, బకెట్లు, ఇడ్లీ పాత్రలు పట్టుకుని తోడుతూనే ఉంది, ఇంతలో ముగ్గురు పెద్దమనుషులు గొడుగులతో దిగారు. వాళ్లు అన్నీ చూశారు. గది చూసి తలూపారు, గులాబీ తలుపులు చూసి నవ్వారు, బోర్లించిన పడవ మీద కూర్చుని అవ్వ ఇచ్చిన టీ తాగారు. ఆ తర్వాత అధ్యక్షుడు నా కాగితం తీసి, నీళ్లను చూసి, నన్ను చూశాడు. "కాలవ ఉందని రాశారు?"

ఇరవై మూడేళ్ల నా నోటికి అలవాటైన మాట అదే దొర్లుకుంటూ వచ్చింది. "ఉంది సార్. అది ఫేజ్ టూలో వస్తుంది."

వారం తర్వాత ఆయన ఫోన్ చేశాడు. కాగితంలో ఉన్నది నా నంబరే మరి. ఈసారి టోర్నమెంటు షోళింగనల్లూరు మైదానానికి ఇచ్చామన్నాడు. నేను కాలవ గురించి ఏదో గొణుగుతుంటే ఆయన నెమ్మదిగా అన్నాడు: "ఫిబ్రవరిలో వాన ఎక్కడుంది తంబీ? కాలవ లేదని రాసుంటే మాకేం పరవాలేదు. ఆ మాటకొస్తే సగం లేవని రాసినా మీ పేటకే ఇచ్చేవాళ్లం, అంత నచ్చింది. కానీ ఉందని రాసింది లేదు. మిగతావి కూడా ఇట్లాగే అంటే, రేపు పిల్లలొచ్చాక నేనేం జవాబు చెప్పేది?"

ఆ మాట నాకొక్కడికే తెలుసు. ఆదివారం మైదానానికి వెళ్లేసరికి అందరూ పడవల మీద కూర్చుని ఉన్నారు. ఒకరు కమిటీలో రాజకీయమన్నారు. ఒకరు గాజు మేడలవాళ్లకే ఇస్తారులే, మనలాంటోళ్లకెందుకిస్తారన్నారు. పెదనాన్న మాత్రం "తప్పు నాది. నేనే కాలవ తవ్వలేకపోయినా" అన్నాడు తల వంచుకుని. నోరు మూసుకుని ఊరుకుంటే నా పరువు దక్కేది. సత్యవంతుణ్ణని కాదు గానీ, ఆ తల వంపు చూడలేక మొత్తం కక్కేశాను. ఎవరూ కాలవ అడగలేదనీ, ఏదీ ఉండి తీరాలని వాళ్లు అననే లేదనీ, అన్నిటికీ ఉందని రాసింది నా సొంత తెలివనీ, దానివల్లే పోయిందనీ. చెప్పి, తన్నులకు సిద్ధంగా కళ్లు మూసుకున్నాను.

 ఎవరో కిసుక్కుమన్నారు. "అంటే, ఒట్టి పుణ్యానికి మా చేత మరుగుదొడ్లు కట్టించినావా?" అన్నాడు తాపీ మేస్త్రి. ఇంకొకాయన, "ఇరవై ఏండ్లు కౌన్సిలరు చుట్టూ తిరిగినా రాలేదు. ఈ అబ్బాయి ఉందని రాస్తే మూడు వారాల్లో వచ్చేసిందే! ఇంగో కాగితం తేరా, వీధి లైట్లు ఉండాయని కూడా రాయి" అన్నాడు. పడవలు ఊగేలా నవ్వారు. నేను కూడా నవ్వబోయి, కుర్చీలో ఉన్న అవ్వను చూసి ఆగిపోయాను. ఆవిడ నవ్వలేదు. "అంతా బాగుండాది. పాప ఆట నేను యాడ చూసేది?" అంది.

ఫిబ్రవరిలో ఆటల రోజు పొద్దున్నే చేపల వ్యాను ఒకటి కడిగి, పసుపు నీళ్లు చల్లి (వాసన పోలేదు, పసుపు వాసన తోడైంది), అవ్వ కుర్చీని తాళ్లతో బిగించారు. నలుగురు వంగి ఎత్తబోతుంటే అవ్వ వేలు చూపించి "ఇది ఆ మోత కాదు, గెవనం పెట్టుకోండి" అని హెచ్చరించి మరీ ఎక్కింది. ఒప్పుకుందని మా చెల్లెలు ఏడ్చేసింది. వీధిలో సగం మంది వ్యాన్లో, తక్కిన సగం రైల్లోనూ బస్సుల్లోనూ. ఊరు దాటి ఊరు దాటి షోళింగనల్లూరు వచ్చాక అవ్వ గాజు మేడల వంక తలెత్తి చూసి, "ఈడేనా అబ్బయా, నువ్వు ఉందని రాసేది?" అంది. వ్యాన్లో దాక్కోవడానికి చేపల బుట్ట కూడా లేకపోయింది.

ఆ మైదానంలో నిజంగానే అన్నీ ఉన్నాయి. పచ్చటి తివాచీలాంటి గడ్డి, దీపాల స్తంభాలు, వరసలు వరసలుగా కుర్చీలు. కుర్చీల్లో మాత్రం మనిషి లేడు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన మా వ్యాను వాసన పీల్చి, ఎవరి తాలూకు అని అడిగితే, పెదనాన్న "ఆడే బిడ్డల తాలూకు" అన్నాడు. మావాళ్లు వెళ్లి కూర్చున్నారు. నర్సమ్మ డబ్బా తెరిచింది. మజ్జిగ బిందెలు దించి ఏ జట్టు పిల్లలొచ్చినా లోటాలతో పోశారు. ఎవరి టోర్నమెంటో మావాళ్లే నడుపుతున్నట్టుంది. పెదనాన్న ఈలకు రిఫరీ రెండుసార్లు ఆట ఆపేశాడు. అధ్యక్షుడు నన్ను చూశాడు. నేను దీపాల స్తంభం వెనక్కి పోయాను. స్తంభం సన్నంగా ఉంది.

మా జట్టు నాలుగు–సున్నాతో ఓడింది. చెల్లెలు ఒక పెనాల్టీ ఆపింది, అంతే. ఆట కాగానే వచ్చి అవ్వ ఒళ్లో తల పెట్టి, "అవ్వా, నాలుగు విడిచిపెట్టినా. నువ్వు వచ్చిన రోజే" అని వెక్కింది. అవ్వ దాని చెమట తన కొంగుతో తుడిచింది. "పోతే పోయినయ్‌లే పిల్లా. నాలుగూ నా కళ్లారా చూసినా. ఆపింది కూడా చూసినా. మీ తాత కూడా ఆ పక్కకి దూకలేడు" అంది.

 నేను గబుక్కున లేచి, "పదండి మరి, ట్రాఫిక్ మొదలవుతుంది" అన్నాను, పెద్దమనిషిలా. ఎవరూ కదల్లేదు. అవ్వ నన్ను వింతగా చూసింది. "యాడికి? ఇంగో ఆట ఉందంటనే. ఆ బిడ్డలకి ఎవురూ రాలేదు, చూడు."

చూశాను. నీలం చొక్కాల పిల్లలు పదకొండుమంది, ఖాళీ కుర్చీల వైపు చూడకుండా బూట్ల లేసులు కట్టుకుంటున్నారు. ఏ పేటవాళ్లో నాకు ఇప్పటికీ తెలియదు. నేను కూర్చున్నాను. తర్వాత లేచాను. ఆ తర్వాత, మెడలోని ట్యాగు వీపు మీదికి తిరిగిపోయినా చూసుకోకుండా, పేరు తెలియని ఆ పిల్లల కోసం గొంతు పూర్తిగా పోయేదాకా అరిచాను. మర్నాడు ఆఫీసు మీటింగులో ఒక్క మాట పెగల్లేదు. దేనికీ ఉందని చెప్పలేకపోయాను. ఇన్నేళ్లలో మంచి మంచి స్టేడియాలలో కూర్చున్నాను, మెత్తటి సీట్లలో, గెలిచే జట్ల పక్కన. అంత గట్టిగా మళ్లీ ఎప్పుడూ అరవలేదు. ఆ ట్యాగు వేసుకున్న వెర్రివాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, నిజం చెప్పొద్దూ, వాడి మీద కాస్త కుళ్లుగా కూడా ఉంటుంది.