ఇంకు పెన్నుతో రాసిన రిమార్కులు

నా చేతిరాత ముత్యాల్లా ఉందని మెచ్చుకుని ఉద్యోగం ఇచ్చిన మనిషే, ఏడాది తిరక్కుండా అదే చేతిరాత తన స్కూలు పరువు తీస్తోందని నా మీద మండిపడ్డాడు. ఇది జరిగి చాలా ఏళ్లయింది. అయినా నాకు కోపం తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా లేదు.

మాది జగ్గయ్యపేట. నాన్న పక్క పల్లెలో మండల పరిషత్ బడి పంతులు. సిమెంటు లారీలు తిరిగే రోడ్డు మీద రోజూ సైకిలు తొక్కుకుంటూ వెళ్లొచ్చేవాడు. సాయంత్రం ఇంటికి చేరేసరికి కనుబొమలతో సహా తెల్లబడి ఉండేవాడు. జేబులో పెన్నుకి మాత్రం జేబురుమాలు చుట్టి ఉండేది. క్వారీ దుమ్ము పాళీ చీలికలో పడితే ఇంకు దిగదని ఆయన భయం. మా చర్చిలో నోటీసులన్నీ నాన్నే రాసేవాడు. ఎవరింట్లో పెళ్లయినా శుభలేఖల మీద పేర్లు రాయడానికి కట్టలు మా ఇంటికి వచ్చేవి.

తొంభైల మొదట్లో, నేను ఎనిమిదో తరగతిలో చేరినప్పుడు నాన్న నాకు ఇంకు పెన్ను కొనిచ్చాడు. నల్లటి ఎబొనైట్ పెన్ను, బంగారు రంగు పాళీ. అప్పటికే క్లాసంతా బాల్ పెన్నుల్లోకి మారిపోయింది. కొత్త పాళీ కాగితాన్ని గీరుతోందని నేను గొణిగితే, బస్టాండు దగ్గర పెన్నులు బాగుచేసే ముసలాయన దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన నా చేత ఒక కాగితం మీద నాలుగు లైన్లు రాయించి, నేను పెన్ను ఎలా పట్టుకుంటానో చూసి, గాజుపలక మీద పాళీని రెండు నిమిషాలు సానబట్టి ఇచ్చాడు.

“ఇహ ఇది నీ చేతికే పలుకుద్దమ్మా. ఎవురడిగినా ఇవ్వమాక,” అన్నాడు.

నిజంగానే పలికింది. బాల్ పెన్నుతో రాస్తుంటే వేళ్లు నొక్కీ నొక్కీ నొప్పి పుట్టేవి. ఈ పెన్నుకి నొక్కే పనే లేదు, కాగితానికి ఆనిస్తే చాలు. రాసిన అక్షరం ఒక క్షణం తడిగా మెరిసేది. చూస్తుండగానే ఆరి ముదురు నీలంలోకి వెళ్లేది. ‘ణ’ రాయడానికి ఎంత ఇష్టంగా ఉండేదో! ఒక్క అక్షరంలో పాళీ ఎన్ని మలుపులు తిరుగుతుందో దానికే తెలియాలి. ఆదివారం చర్చి నుంచి రాగానే సీసా మూత తీసి డ్రాపరుతో ఇంకు పోసుకోవడం నాకు పండగ. వేళ్లకి అంటిన నీలం మంగళవారం దాకా పోయేది కాదు.

నాన్న మహా చాదస్తుడు. తలకట్టు అక్షరానికి అంటకుండా గాల్లో తేలితే ఆ లైను మొత్తం మళ్లీ రాయించేవాడు. “నువ్వు రాసింది చదవడానికి అవతలివాడు కష్టపడితే వాణ్ని నువ్వు గౌరవించనట్టే,” అనేవాడు. అప్పట్లో విసుక్కున్నాను. తర్వాత ఆ మాటే నా మాటయింది.

డిగ్రీ, బీయీడీ అయ్యాక, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నందిగామలో ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం స్కూల్లో తెలుగు టీచరుగా చేరాను. రోజూ జగ్గయ్యపేట నుంచి బస్సులో వెళ్లొచ్చేదాన్ని. నా దరఖాస్తు చూసిన కరస్పాండెంటు దాన్ని బల్ల మీద పెట్టి, పక్కనున్న గుమాస్తాకి చూపించి, “చూడవయ్యా, ముత్యాలు. రేపట్నుంచి మన బోర్డులన్నీ ఈ అమ్మాయే రాస్తది,” అన్నాడు. నాకు అయిదో తరగతి క్లాసు టీచరు బాధ్యత కూడా ఇచ్చారు. నలభై ఆరుగురు పిల్లలు.

ఆ ఏడాదే స్కూలుకి కంప్యూటరు గది వచ్చింది. ఏసీ పెట్టారు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి. దసరా సెలవుల ముందు మమ్మల్నందరినీ ఆ గదిలోకి పిలిచి, ఇకనుంచి ప్రోగ్రెస్ కార్డులు చేత్తో రాయక్కర్లేదని చెప్పారు. మార్కులు ఇస్తే అదే కూడుతుంది, అదే ర్యాంకు వేస్తుంది. అంతవరకూ నాకు అభ్యంతరం లేదు. కూడికల బాధ తప్పిందని సంతోషించాను కూడా. కానీ టీచరు రాయాల్సిన రిమార్కుల జాగాలోనూ అది వేలు పెట్టింది. మొత్తం పన్నెండు రిమార్కులు ముందే తయారుచేసి పెట్టారు, అన్నీ ఇంగ్లీషులో. ఒకటి నొక్కితే ‘ఎక్సలెంట్’. ఏడు నొక్కితే ‘నీడ్స్ ఇంప్రూవ్‌మెంట్’. పిల్లవాడి పేరుకెదురుగా మేము నంబరు వేసిస్తే చాలు.

“తెలుగులో రాయడానికి వీలుందా సర్?” అని కంప్యూటరు సారుని అడిగాను.

“తెలుగు ఫాంటు లేదు మేడం. అయినా తెలుగులో ఎవరిక్కావాలి?”

ఎవరిక్కావాలా! మా క్లాసులో పిల్లల తల్లిదండ్రులు ఎవరో ఆయనకి తెలియదా? పత్తి, మిర్చి పండించే రైతులు, ఆటోలు నడిపేవాళ్లు, కూలికి వెళ్లేవాళ్లు. తాము చదవని ఇంగ్లీషు పిల్లలకైనా రావాలని పొట్ట మాడ్చుకుని ఫీజులు కడుతున్నవాళ్లు. వాళ్ల బిడ్డ ఎలా చదువుతోందో వాళ్లకి అర్థం కాని భాషలో, ఎవరో ఎప్పుడో తయారుచేసిన మాటల్లో, ఒక అంకె నొక్కి చెప్పాలి. ఆ అంకె నేనే వెయ్యాలి.

వేశాను. వెయ్యకపోతే కార్డు అచ్చుకాదు. కీసర నుంచి ఆటోలో వచ్చే ఒకమ్మాయికి ఏడు వేశాను. నూటికి ముప్ఫై ఎనిమిది వచ్చిన పిల్లకి అంతకన్నా మంచి అంకె వెయ్యడానికి లేదన్నారు. కానీ ఆ పిల్ల గురించి నాకు తెలిసింది వేరు. చుట్టూ అందరూ పక్కవాళ్ల పేపర్లోకి తొంగిచూస్తుంటే, ఈ పిల్ల ఒక్కసారైనా తల తిప్పేది కాదు. తప్పో ఒప్పో తనకి తోచిందే రాసేది. దానికి ఏ నంబరూ లేదు.

ఇంటికి వెళ్లి తెల్లకాగితాలు చీటీలుగా కోసుకున్నాను. ఆదివారమంతా కూర్చుని ఒక్కో పిల్ల గురించి, ఒక్కో పిల్లవాడి గురించి తెలుగులో నాలుగేసి లైన్లు రాశాను. నాన్న అప్పటికి రిటైరయ్యాడు. చూపు మందగించింది. పక్కన కుర్చీ వేసుకుని, ఒక్కో చీటీ ఆరేదాకా గాలికి ఎగరకుండా పట్టుకుని, తర్వాత కళ్లకి దగ్గరగా పెట్టుకుని చదివాడు. “వీడెవడో గాని నాకు వీణ్ని చూడాలనుందే,” అని ఒకడి గురించి నవ్వాడు. సోమవారం పొద్దున్నే ఆ చీటీలు కార్డులకి పిన్ను కొట్టి సంతకానికి ఆఫీసుకి పంపాను.

మధ్యాహ్నానికల్లా పిలుపు వచ్చింది. కరస్పాండెంటు ముందు నా క్లాసు కార్డుల కట్ట ఉంది.

“ఏందమ్మా ఈ చీటీలు?”

“రిమార్కులండి. పేరెంట్సుకి అర్థమవుతుందని తెలుగులో రాశా.”

“అంత డబ్బు పోసి కంప్యూటర్లు పెట్టింది ఎందుకు మరి? చేత్తో రాసిన కాయితం చూస్తే పేరెంట్సు ఏమనుకుంటారు? ఇదేదో గవర్నమెంటు బడి అనుకోరూ? మన స్టాండర్డేంటి, ఈ చీటీలేంటి? పీకేయండి.”

“మార్కులు ఎట్టాగూ ప్రింటులోనే ఉన్నాయి కదండీ...”

“ఇక్కడే పీకండి. నా ముందే.”

ఆ మాట అన్నప్పుడు నేను కార్డులు బల్ల మీద పెట్టి లేచి రావాల్సింది. రాలేదు. ఉద్యోగం అవసరం. నిలబడే, గోటితో ఒక్కో పిన్నూ విప్పి నలభై ఆరు చీటీలూ ఊడదీశాను. ఆయన ఫోన్లో మాట్లాడుతూ మధ్యమధ్యలో నా చేతుల వంక చూస్తున్నాడు. ఒక పిన్ను గోటి కింద గుచ్చుకుని చిన్న రక్తపు చుక్క వచ్చింది. ఇన్నేళ్లూ గవర్నమెంటు బడిలో నల్లబల్ల మీద అక్షరాలు దిద్దిన నాన్న గుర్తొచ్చాడు. గవర్నమెంటు బడి అని ఈయన తిట్టింది ఆయన్నే అనిపించింది. బస్సులో ఇంటికి వస్తూ దారి పొడుగునా పళ్లు కొరుక్కుంటూనే ఉన్నాను. ఆయన మీద ఎంత కోపమో, నోరు మూసుకుని పిన్నులు పీకిన నా మీద అంతకు రెట్టింపు కోపం.

నాన్నకి చెబితే ఆయనేమీ కోప్పడలేదు. కాసేపు ఆలోచించి, “తెలుగు నోటు బుక్కులు దిద్దేది ఎవరు?” అన్నాడు.

“నేనే.”

“అందులో రాయడానికి ఎవరి పర్మిషన్ కావాలి?”

ఎవరిదీ అక్కర్లేదు. మర్నాటి నుంచి మూడు రోజులు మధ్యాహ్నం భోజనాల టైములో, స్టాఫ్ రూములో కూర్చుని, ఆ చీటీల్లో రాసిందంతా ఒక్కొక్కరి తెలుగు నోటు బుక్కు చివరి పేజీలో ఎక్కించాను. కింద, “ఇంట్లో చదివి వినిపించండి, సంతకం పెట్టించుకురండి,” అని రాశాను. పక్కనున్న లెక్కల టీచరు, “ఇంత ఓపికేంటండీ మీకు? ఈ కాలంలో ఇంకు పెన్నేంటి?” అంది. ఓపిక కాదు, కసి అని ఆవిడకి చెప్పలేదు.

నోటు బుక్కులు ఇళ్లకి వెళ్లిన రెండో రోజు గేటు దగ్గర ఎవరో నాకోసం వచ్చారని ఆయా చెప్పింది. వెళ్లి చూస్తే కీసర అమ్మాయి తల్లి. పత్తితీత మానుకుని వచ్చిందట. నోటు బుక్కు గుండెలకి ఆనించి పట్టుకుంది. మెచ్చుకోవడానికి వచ్చిందనుకుని నేను ముందే నవ్వు మొహం పెట్టుకున్నాను.

“ఇది రాసింది మీరేనాండీ?”

“అవునమ్మా.”

“నేను ఏడు దాకా చదివానండి. కూడబలుక్కుని మొత్తం చదివా. మా పిల్ల చూసి రాయదు, సొంతంగా రాసుద్దని రాశారు. నిజమేనా?”

“నిజమే.”

“మరి సొంతంగా రాసిన పిల్లకి ముప్పయ్యెనిమిదేసి, చూసి రాసినోళ్లకి డెబ్బయ్యిలూ ఎనబయ్యిలూ ఎట్టా ఏశారండీ? ఆ సంగతి తెలిసీ మీరెందుకు ఊరుకున్నారు?”

కంప్యూటరు మీద అంత కోపం తెచ్చుకున్నదాన్ని, పరీక్ష రోజున కళ్ల ముందు జరుగుతున్న కాపీని చూసీ చూడనట్టు వదిలేశాను. ర్యాంకులు తగ్గితే స్కూలుకి చెడ్డపేరని మాకు ముందే చెప్పి ఉంచారు మరి. ఆ తల్లి గొంతు పెంచలేదు.

“తప్పేనమ్మా,” అన్నాను.

“అయితే ఈ మాట పెద్దసారుకి కూడా చెప్పండి. పదండి, నేనూ వస్తా.”

ఇద్దరం కరస్పాండెంటు గదికి వెళ్లాం. ఆవిడ నోటు బుక్కు తెరిచి బల్ల మీద పెట్టి అదే ప్రశ్న వేసింది. ఈసారి నేను కూడా నోరు విప్పాను. పరీక్షల్లో కాపీ జరుగుతోందనీ, మాకందరికీ తెలుసనీ చెప్పాను. నాతో మాట్లాడినట్టు ఆవిడతో మాట్లాడలేకపోయాడాయన. ఫీజు కట్టే మనిషి కదా! కూర్చోమన్నాడు, మంచినీళ్లు తెప్పించాడు, ఈసారి నుంచి గట్టిగా చూస్తామన్నాడు. చూశారు కూడా. తర్వాతి పరీక్షలో పిల్లల్ని దూరదూరంగా కూర్చోబెట్టారు. ఎనభైలు కొన్ని యాభైలకి దిగాయి. ఆ అమ్మాయికి నలభై నాలుగు వచ్చాయి.

వారం తర్వాత కరస్పాండెంటు మళ్లీ పిలిపించాడు. ఈసారి నవ్వుతున్నాడు.

“మీరన్నది నిజమేనమ్మా. పేరెంట్సుకి తెలుగు కావాలి. తెలుగు ఫాంటు సీడీ తెప్పిస్తున్నా. ఆ పన్నెండు రిమార్కులూ తెలుగు చేసి ఓ కాయితం మీద రాసివ్వండి. మీ రైటింగు శుభ్రంగా ఉంటది గదా, డీటీపీ వాడికి తేలిగ్గా అర్థమవుద్ది.”

ముందు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పిల్లల కోసం రాస్తే పరువు తక్కువైన చేతిరాత, మిషను మింగడానికి మాత్రం పనికొస్తుంది!

“రాయలేనండి,” అన్నాను.

“ఎందుకని?”

“పన్నెండు సరిపోవు. నా క్లాసుకే నలభై ఆరు కావాలి.”

ఆయన మొహంలో నవ్వు పోయింది. ఆ పన్నెండూ ఇంకెవరి చేతో రాయించుకున్నాడు. ఏడో నంబరుకి ‘మెరుగుపడవలెను’ అని అచ్చయింది. నేను మాత్రం నోటు బుక్కుల్లో రాయడం ఆపలేదు. మెల్లగా ఇళ్ల నుంచి సంతకాల పక్కన జవాబులు రావడం మొదలైంది. ఒకాయన పెన్సిలుతో, “మావాడు ఇంటికాడా ఇంతేనండి, ఏం చేయాలో మీరే చెప్పండి,” అని రాశాడు. ఒకామె రాయడం రాక కొడుకు చేత రాయించి కింద వేలిముద్ర వేసింది. కీసర తల్లి ఒకసారి మూడు పేజీలు రాసింది. సగం నా మీద ఫిర్యాదులే. అంత శ్రద్ధగా నన్ను తిట్టినవాళ్లు లేరు.

మార్చిలో, వచ్చే ఏడాది నా అవసరం లేదని గుమాస్తాతో చెప్పించారు. ఆ వారంలోనే ఇన్‌స్పెక్షన్ పేరుతో పిల్లల నోటు బుక్కులన్నీ ఆఫీసులో అప్పజెప్పమన్నారు. అలా వెళ్లినవి తిరిగి ఇవ్వరు, పాత కాగితాలవాడికి వేసేస్తారని అందరికీ తెలుసు. నేను క్లాసుకి వెళ్లి, “అందరూ చివరి పేజీలు జాగ్రత్తగా చింపి ఇంటికి పట్టుకెళ్లండి, అవి మీవి,” అన్నాను. స్కేళ్లు పెట్టుకుని, అక్షరం తెగకుండా చింపుకున్నారు.

సాయంత్రం గుమాస్తా బుక్కులు తిరగేసి, “ఏంటి మేడం, అన్నిట్లోనూ పేజీలు లేవు? పిల్లలు చింపేశారా?” అన్నాడు.

“నేనే చింపించా. మీ సారుకి చెప్పండి,” అని బస్సుకి టైమవుతోందని బయల్దేరాను.