ఎడమవైపు కుట్టిన కిల్టులు

మరియమ్మ చేతి మడతను ఇస్త్రీపెట్టె కూడా దిద్దనక్కర్లేదని నాచారంలోని ఆ కుట్టు ఫ్యాక్టరీలో అందరూ ఒప్పుకునేవారు. జనగామ వైపు పల్లె నుంచి వచ్చి, పాతికేళ్లుగా స్కూలు లంగాలకు మడతలు వేస్తోంది. మడతల టేబుల్ ఆమె రాజ్యం. సూపర్‌వైజర్ కామరాజు కూడా అక్కడికొస్తే గొంతు తగ్గించేవాడు.

పోయిన వేసవిలో అమెరికా ఆర్డర్ వచ్చింది. గళ్ల ఉన్నిగుడ్డ, నడుము చుట్టూ మడతలు, పక్కన తోలు పట్టీలు. ఆ టేబుల్ దగ్గర పనిచేసేవాళ్లలో ఇంగ్లీషు చదవగలిగేది సంతోషి ఒక్కతే. భర్త మంచాన పడ్డాక ఆ ఇల్లు ఆమె రెక్కల మీదే నడుస్తోంది.

"అక్కా, పట్టీలు కుడిదిక్కు అని రాసిన్రు," అంది సంతోషి ఆర్డర్ షీట్ చూసి.

మరియమ్మ నవ్వేసింది. ఆడపిల్లల లంగా ఎడమవైపే తెరుచుకుంటుందని ఆమెకు తెలియదా? కాగితం రాసినవాడికి కుట్టు రాదని తేల్చేసి, మూడువందలూ ఎడమవైపే కుట్టించింది.

తీరా చూస్తే అవి మగవాళ్లవి. కిల్టులంటారట. స్కాట్లండ్ నుంచి వలసపోయిన తాపీపనివాళ్లు, నేతగాళ్లు అమెరికాలో ఒక నగరాన్ని కట్టారట. ఏటా వాళ్ల మనవలు అవి కట్టుకుని ఊరేగుతూ, ఆ తాతల పేర్లన్నీ పైకి చదువుతారట. మొదటి పెట్టె విప్పగానే సరుకు వద్దంటూ వాళ్లు రాసిందంతా కామరాజు టేబుల్ దగ్గరే చదివి వినిపించాడు. మగవాళ్లకు లంగాలేమిటని ఒక్కరూ నవ్వలేదు.

షీట్ చూసిందెవరని అడిగాడు. సంతోషి మరియమ్మ వైపు చూసింది.

"నాకు ఇంగ్లీషు రాదు సార్. షీట్ సదివింది సంతోషి," అంది మరియమ్మ.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అంత నీచమైన నిజం ఆమె జన్మలో చెప్పి ఎరగదు. ఆ సాయంత్రమే సంతోషిని పనిలోంచి తీసేశారు. తిరిగొచ్చిన కిల్టుల కుట్లు మిగిలినవాళ్లు విప్పి మళ్లీ కుట్టారు. ఆ నగరం పండగకు సరుకు అందింది, ఊరేగింపు ఫోటో ఒకటి ఫ్యాక్టరీ గోడకెక్కింది. అందులో గడ్డాల పెద్దమనుషులు ఛాతీ విరుచుకుని నడుస్తున్నారు. మడతలు వేసినవాళ్ల పేర్లు చదివే ఊరు మాత్రం ఇంకా పుట్టలేదు. ఆ ఫోటో ఎదుట మరియమ్మకు అన్నం గిన్నె మూత తీయబుద్ధయ్యేది కాదు.

రెండు నెలలు ఓర్చుకుని, ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా నారపల్లిలో సంతోషి ఇంటికి వెళ్లింది. సంతోషి కుర్చీ వేసి మంచినీళ్లిచ్చింది. ఉప్పల్‌లో నాలుగిళ్లలో అంట్లు తోముతున్నానని చెప్పి, అక్క మోకాళ్ల నొప్పులు ఎట్లున్నాయని అడిగింది. ఆ మర్యాదకు మరియమ్మ తట్టుకోలేకపోయింది.

"బిడ్డా, నువ్వు కుడిదిక్కు అన్న మాట సార్ అడిగిననాడు నాకు యాదికే ఉండె. కావాల్నని నీ మీదికి నెట్టిన," అంది ఏడుస్తూ.

సంతోషి గ్లాసు కోసం చెయ్యి చాపింది.

"యాది మర్చినవనుకున్న అక్కా. పెద్దదానివి, పనిల పడి మర్చినవని నాకు నేనే చెప్పుకొని ఊకున్న. గా నమ్మకమొక్కటన్న నాకు ఉంచకపోతివి."

ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది. మరియమ్మ పొద్దు వాలేదాకా ఆ కుర్చీలోనే కూర్చుంది. సంతోషి మళ్లీ బయటికి రాలేదు.