కార్తీకంలో జీడిపిక్కల పొగ

దెయ్యాలూ గియ్యాలూ అంటే నాకు నవ్వొస్తుంది. ఇరవయ్యేళ్లు లెక్కల టీచరుగా చేశాను. ఎవరైనా ఇలాంటి కథ మొదలుపెడితే, "నువ్వు కళ్లారా చూశావా?" అని నోరు మూయించే రకం నేను. ఇప్పుడు నేనే చెప్పుకోవాల్సొచ్చింది, ఏం చేస్తాం!

భావనపాడు దగ్గర మా జీడితోటలో చిన్న కాటేజీ కట్టాం. ఒక గది, ఒక వరండా. భార్యాభర్తలో, చిన్న కుటుంబమో వచ్చి రెండు రోజులుండి వెళ్తారు. వంట నాది, తోటపని మా ఆయనది. మేనత్త కొడుకే కాబట్టి ఇప్పటికీ బావా అనే పిలుస్తాను.

గది పక్కన కొబ్బరిచెట్టు ఒకటి తుఫానుకి గది మీదికి వంగింది. కొట్టించేద్దామని బావ మూడుసార్లన్నాడు. వచ్చినవాళ్లంతా దాని కింద ఫొటోలు దిగుతున్నారని నేనే అడ్డం పడ్డాను. "నీకేటి తెల్దు, ఊరుకో బావా" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

కార్తీకమాసంలో విజయనగరం నుంచి ఒక జంట వచ్చారు, ఎనిమిది నెలల పాపతో. మధ్యాహ్నం పాపను గదిలో మంచం మీద పడుకోబెట్టి, ఇద్దరూ వరండాలో భోజనానికి కూర్చున్నారు. నేను వడ్డిస్తున్నాను.

అప్పుడు గదిలోంచి జీడిపిక్కలు కాలుతున్న వాసనొచ్చింది.

మా ఉద్దానం వాళ్లకి ఆ పొగ గురించి చెప్పక్కర్లేదు. కళ్లు మండుతాయి, గొంతు పట్టేస్తుంది. కాలే పిక్కలోంచి నూనె చిమ్మితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. అందుకే మా వైపు ముందు చంటిపిల్లల్ని దూరంగా తీసుకుపోతారు, పొయ్యి వెలిగించేది ఆ తర్వాతే.

జీడి వేసవి పంట. కార్తీకంలో పిక్కలెక్కడివి? మామూలు పొగైతే మంటెక్కడా అని వెతికేదాన్ని. ఆ పొగకి మాత్రం నా చేతులు పాప కోసమే వెళ్లాయి. గరిటె పారేసి, గదిలోకి దూరి, పాపనెత్తుకుని దూరంగా జీడిచెట్ల దాకా పరుగెత్తాను. "నా బిడ్డనెక్కడికి తీసుకెళ్తన్నారండీ!" అని అరుస్తూ తల్లి, ఎంగిలి చేత్తో తండ్రి నా వెనకే వచ్చారు. "ఒసే, ఏటయిందే?" అంటూ బావ కూడా పరుగెత్తుకొచ్చాడు.

నేను వెనక్కి తిరిగేసరికి కొబ్బరిచెట్టు వేళ్లతో సహా లేచి గది మీద పడింది. ఆకు కదిలేంత గాలి కూడా లేదు. పాప పడుకున్న మంచం రెండు ముక్కలైంది.

పాపేమో నా చంకలో కూర్చుని నా చెవిరింగు లాగుతోంది. తల్లి మా ఇద్దర్నీ కలిపి వాటేసుకుంది. "గెలిసేసినావే, గెలిసేసినావు!" అని బావ గట్టిగా అరిచి ఏడ్చేశాడు. నేనూ ఏడుస్తూనే నవ్వాను. నా జన్మలో అంత గర్వంగా ఎప్పుడూ నిలబడలేదు.

తర్వాత అంతా వెతికాం. వంటింట్లో గ్యాస్ పొయ్యి తప్ప ఎక్కడా నిప్పు లేదు. చుట్టుపక్కల తోటల్లో ఎవరూ పిక్కలు కాల్చలేదు. ఆ జంటకి అసలు వాసనే తగల్లేదట. నా కళ్లూ, పాప కళ్లూ మాత్రం సాయంత్రం దాకా ఎర్రగా ఉన్నాయి.

పోయిన మా అత్త పిక్కలు కాల్చే పొయ్యి సరిగ్గా ఆ గది ఉన్నచోటే ఉండేది. ఆ సంగతి బావే అన్నాడు. ఈ లెక్క నాకు ఇప్పటికీ తేలలేదు.

మొన్న వేసవిలో పాప తన కాళ్ల మీద నడుచుకుంటూ మా కొత్త గదికి వచ్చింది. వస్తూనే నా మల్లెకుండీలు రెండు పగలగొట్టింది. తల్లి చెయ్యెత్తింది.

"కొట్టకమ్మా, సెప్తన్నాను! ఇంకో నాలుగున్నాయి. అవీ పగలగొట్టుకోనీ" అన్నాను.