తాత కొన్న గురువారాలు

మా తాత ముందుగా అడిగింది నన్నే. ఈ ఒక్క మాట నేను తొమ్మిదేళ్ళు ఎవరికీ చెప్పలేదు. నేను చెప్పకపోవడం వల్ల మా చిన్నాన్న కొడుకు, నాకంటే ఆరేళ్ళు చిన్నవాడు, సొంత తాతను చూడడానికి కూలి తీసుకున్న మనవడిగా బంధువుల నోళ్ళలో మిగిలిపోయాడు.

తాతది కబ్బన్‌పేటలో మగ్గం. అరవై ఏళ్ళు నేశాడు. ఏ వస్తువు ధర చెప్పినా ఆయన దాన్ని దినాల్లోకి మార్చుకునేవాడు. నేను కొత్త ఫోన్ కొన్నప్పుడు చేతిలో తిప్పి చూసి, "ఇది నీకెన్ని దినాలప్పా?" అని అడిగాడు. నాలుగు దినాల జీతమని చెప్పాను. "నాకైతే మూడు నెలలు కూర్చోవాల" అని తిరిగి నా చేతిలో పెట్టాడు. ఆ మాటలో ఏ బాధా లేదు. పక్కవాడికి ఉన్నదాన్ని చూసి కుమిలిపోయే గుణం ఆయనకు లేదు. నాకు ఎవరి దగ్గర నుంచి వచ్చిందో తెలియదు.

ఎనభై దాటాక మగ్గం తీసేసి, ముందు గదిని బ్యాగుల అంగడికి బాడిగకిచ్చాడు. ఒక ఆదివారం నేను వెళితే కాఫీ తాగుతూ అన్నాడు.

"నెలకు రెండు అరపొద్దులు నాకియ్యప్పా. ఆదివారం వద్దు, అది నీ పెండ్లాం బిడ్డలది. పనిదినం కావాల. ఊరికే వద్దు, ఎంతో చెప్పు, ఇస్తాను."

"దేనికి తాతా?"

"నాతో మగ్గం నేసినోళ్ళు ఇంకా కొందరుండారు. ఇన్నేండ్లూ పోయి చూసిందే లేదు. వాళ్ళు పోయినాక ఆటో కట్టించుకుని పోయి పూలహారం వేసేదానికంటే ఇది అగ్గువ."

"ఊరికే వస్తాలే. దుడ్డెందుకు?"

"ఊరికే వచ్చినోడు గడియారం చూస్తాంటాడు. కూలి తీసుకున్నోడు ఆ పొద్దంతా నావాడు."

నేను నవ్వాను. అప్పుడు మారతహళ్ళిలో ఆఫీసు, పెద్ద జీతం. "నా అరపొద్దు నీ నెల బాడిగంత తాతా. నువ్వు కొనలేవు" అన్నాను. సరదాగానే అన్నాననుకున్నాను. తాత "అట్లనా" అని కాఫీ పూర్తిగా తాగి లోటా కడిగి బోర్లించాడు.

తరువాతి నెల ఆయన మా చిన్నాన్న కొడుకును, మా తమ్ముణ్ణి, అడిగాడు. వాడు జిగణిలో ఒక కార్ఖానాలో పనిచేసేవాడు. గురువారం ఒక పూట సెలవు పెడితే ఆ మేరకు జీతం కోసేవారు. కోసిన మొత్తం తాత ఇచ్చేవాడు, పైసా ఎక్కువ కాదు, తక్కువ కాదు. వాడు మొదట వద్దన్నాడు. అయితే రావద్దన్నాడు తాత. అలా నెలకు రెండు గురువారాలు వాడి స్కూటర్ మీద ఇద్దరూ తిరిగారు. ఒక్కో పూటకు ఒక్కో ఇల్లు. అక్కడ ఒక గంట కూర్చుని, ఏదైనా తిని, వెనక్కి.

నేను అక్కర్లేదన్నదే వాడికి దక్కింది. నేను వెళ్ళినప్పుడు తాత బనియన్‌తో ఉండేవాడు. గురువారానికి మాత్రం ఇస్త్రీ చొక్కా. ఒక మధ్యాహ్నం క్యాబులో వెళుతూ సిగ్నల్ దగ్గర వాళ్ళిద్దరినీ చూశాను. హోటల్ బయట నిలబడి ఒకే ప్లేటులో దోసె తింటున్నారు. తమ్ముడు ఏదో అంటే తాత వాడి భుజం పట్టుకుని నవ్వుతున్నాడు. ఆ నవ్వులో ఆయనకు కింది పళ్ళు రెండు లేవని నాకు అప్పుడే తెలిసింది. ఆ రోజంతా ఆఫీసులో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. తాత చిన్నప్పుడు ఇల్లు వదిలి పారిపోయి కోలారులో బంగారు గని చూసి వచ్చిన కథ కూడా నేను తమ్ముడి నోటే విన్నాను. వాడు చెబుతుంటే, "నాకు తెలుసులే" అన్నాను. నాకు తెలియదు.

ఇంతలో సర్జాపుర రోడ్డులో నా ఫ్లాట్‌కు గృహప్రవేశం. తమ్ముడు పొద్దున్నే వచ్చి పని అందుకున్నాడు. భోజనాల దగ్గర మేనత్త నా పక్కన కూర్చుంది. మా ఇళ్ళలో ఆమె మాటే మాట.

"తాతను స్కూటర్‌లో తిప్పేదానికి వాడు దుడ్డు తీసుకుంటాడంట కదప్పా. ఇంకొన్ని దినాలుంటే మనల్నీ మీటరేసి తిప్పుతాడు."

ఎదుటి వరుసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"నీకు తెలిసుండాల. నిజమేనా?" అంది అత్త.

అందరూ నా వైపు చూశారు. తాత పెట్టిన షరతు, వాడు వద్దన్న సంగతి, అన్నిటికీ ముందు నన్ను అడిగిన సంగతి, అన్నీ నాకు తెలుసు. రెండు వాక్యాలు చాలు.

"ఏమో అత్తా, వాళ్ళ యవ్వారం నాకేం తెలుసు" అన్నాను.

అవతల తమ్ముడు చారు వడ్డిస్తున్నాడు. వాడి చేతిలో గరిటె ఆగలేదు. వరుస చివరిదాకా వడ్డించి, గిన్నె కింద పెట్టి, భోజనం చేయకుండానే వెళ్ళిపోయాడు.

ఆ తరువాతి గురువారం వాడు తాతను తిప్పుకొచ్చి దుడ్డు తీసుకోనన్నాడు. "తీసుకోకుంటే రావద్దు" అన్నాడు తాత. "అందరూ అంటాండారు తాతా, నా వల్ల కాదు" అన్నాడు వాడు. ఎవరన్నారంటే మాత్రం చెప్పలేదు. ఇద్దరిదీ ఒకటే మొండితనం. గురువారాలు ఆగిపోయాయి. ఇదంతా నాకు తాతే చెప్పాడు, "ఏమయిందో వానికి" అంటూ. అప్పుడైనా చెప్పవచ్చు. చెప్పలేదు. నిజం చెప్పాలంటే, నా లోపల ఒక సంతోషం కూడా కదిలింది. ఆ చోటు ఖాళీ అయింది.

దాన్ని నేను నింపుదామనుకున్నాను. ఒక గురువారం సెలవు పెట్టి కారులో వెళ్ళాను. తాత బనియన్‌తోనే ఉన్నాడు.

"ఎక్కడికి పోదాం తాతా?"

"యాడికీ లేదులేప్పా."

కూర్చున్నాను. ఫోన్ మూడుసార్లు మోగింది. మూడోసారి మాట్లాడి లోపలికి వచ్చేసరికి ఆయన నా చెప్పులు గడప దగ్గర సరిగా పెట్టి ఉంచాడు. "పోయిరాప్పా, ఆడ నీ కోసం చూస్తాంటారు" అన్నాడు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదనిపించింది.

వానాకాలం మొదలవకముందే తాత పోయాడు. ఆ రోజు ఒక ముసలాయన కర్ర పట్టుకుని యలహంక నుంచి బస్సులో వచ్చాడు. తాతతో నేసినవాడట. శవం దగ్గర కాసేపు నిలబడి నా వైపు తిరిగి, "స్కూటర్ పిల్లోడు నువ్వేనా? వచ్చే గురువారం మా ఇంటికే అని చెప్పి పంపినాడు. నాలుగు నెలలు చూసినా" అన్నాడు.

నేను కాదన్నాను.

ఏటా తాత తద్దినం అత్త ఇంట్లోనే. తమ్ముడు ప్రతి ఏడూ వస్తాడు. చివరి పంక్తిలో తిని ఎవరితోనూ కూర్చోకుండా వెళతాడు. నాతో "బాగుండావా అన్నా" వరకే. ఈ ఏడు వాడు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే నేను పంక్తిలోంచి లేచి నిలబడ్డాను. చేయి ఎంగిలిగానే ఉంది.

"అత్తా, అప్పుడు నువ్వడిగితే నాకు తెలీదన్నాను. అబద్ధం. తాత మొదట నన్నే అడిగినాడు. నువ్వు కొనలేవని నేను ఎగతాళి చేసినాను. వీడు దుడ్డు వద్దంటే తాతే తీసుకోకుంటే రావద్దన్నాడు. అంతా నాకు తెలుసు."

"ఇప్పుడెందుకప్పా అవన్నీ. కూర్చో, తిను" అంది అత్త మెల్లగా.

తమ్ముడు వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. తరువాత నెమ్మదిగా నిటారయ్యాడు.

"నువ్వు అనలేదు కదన్నా. అనింది వాళ్ళు."

"అనలేదు. నోరు మూసుకున్నాను. తాత నీతో నవ్వేది చూసి ఓర్చుకోలేకపోయినాను. నీ పేరు చెడింది, తాతకు ఆ నాలుగు నెలలు పోయినాయి. రెండూ నా వల్లే. తప్పయిపోయింది తమ్ముడూ. మన్నించు."