నాలుగింటి తర్వాత షహనాజ్ కుర్చీ

1993 సెప్టెంబరులో నన్ను హైదరాబాదు ప్రధాన కార్యాలయం నుంచి నల్గొండ జిల్లా కంప్యూటర్ కేంద్రానికి బదిలీ చేశారు. హోదా అసిస్టెంట్ ప్రోగ్రామర్. అటు ఆఫీసరూ కాదు, ఇటు గుమాస్తా కాదు. మీటింగులో కుర్చీ మిగిలితే కూర్చోవాలి, లేకపోతే గోడకు ఆనుకోవాలి. బదిలీకి కారణం నేను పొందిన రెండు శిక్షణలు. ఒకటి కంప్యూటర్ భద్రత: ఫ్లాపీలతో వచ్చే వైరస్‌లు, పాస్‌వర్డ్‌లు, ఎవరు ఏ ఫైలు తెరవవచ్చుననే హద్దులు. రెండోదాన్ని అప్పట్లో ఎక్స్‌పర్ట్ సిస్టమ్ అనేవాళ్లం. అనుభవం ఉన్న మనిషి ఎలా ఆలోచిస్తాడో నియమాలుగా రాసి యంత్రానికి ఎక్కించడం. ఇప్పుడు కృత్రిమ మేధ అంటున్నదానికి అది తాత వరస.

ఈ రెండూ కలిపి నేర్చినవాణ్ణి ఏ సెక్షనులో పెట్టాలో ఎవరికీ తోచలేదు. భద్రత వాళ్లు నన్ను పరిశోధనల మనిషి అన్నారు. పరిశోధనల వాళ్లు కాపలావాడు అన్నారు. రెండు పడవల మీద కాళ్లు పెట్టాడని ఇద్దరూ నవ్వారు. చివరికి నల్గొండ పంపి చేతులు దులుపుకున్నారు.

మా శాఖ పని తాగునీటి పరీక్షలు. జిల్లాలోని బోర్ల నుంచి తెచ్చిన నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉందో లాబొరేటరీ వాళ్లు కాగితాల మీద పంపేవారు. ఆపరేటర్లు ఊరి పేరు, మండలం కోడ్ కొట్టి వాటిని ఎక్కించేవారు. ఏ ఊరికి మంచినీళ్ల ట్యాంకర్ పోవాలో అందులోంచే తేలేది. కంప్యూటర్ గదిలోకి చెప్పులు విడిచి వెళ్లాలి. ఏసీ యంత్రం కోసమే, దాని పుణ్యాన మేమూ చల్లగా ఉండేవాళ్లం.

ఆపరేటర్లలో ఇద్దరి గురించి చెప్పాలి. షహనాజ్ బేగం అందరికంటే వేగం. అయిదేళ్లుగా తాత్కాలిక ఉద్యోగి, ఆర్నెల్లకోసారి కాంట్రాక్టు పొడిగించేవారు. రాబోయే మార్చి తర్వాత ఆమెను పర్మనెంట్ చేసే ఫైలు హైదరాబాదులో కదులుతోంది. పక్క సీటు సుజాతది. పర్మనెంట్ ఉద్యోగి, పని నిదానం, నోరు చురుకు.

చేరిన వారంలోనే పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదని సర్క్యులర్ తయారుచేసి అందరితో సంతకాలు పెట్టించాను. సంతకం తడి ఆరకముందే సుజాత అటెండరును పిలిచి తన పాస్‌వర్డ్ చెప్పి ఏదో ప్రింటు తీయమంది. ఇదేమిటమ్మా అంటే, "మనోళ్లే గద సార్. బండి తాళం అడిగితే ఇయ్యకుంటే ఏమనుకుంటరు?" అంది.  పాస్‌వర్డ్‌ను కాపాడలేనప్పుడు మనిషినే గుర్తుపట్టే ఏర్పాటు చేద్దామనుకున్నాను.

అలా పుట్టింది నా ప్రోగ్రాం. ఎవరు ఎన్నింటికి కూర్చుంటారు, ఎంత వేగంగా కొడతారు, ఎన్నిసార్లు చెరిపి దిద్దుతారు అన్నది అది గమనిస్తుంది. దసరా ముందు మొదలుపెట్టి జనవరి దాకా ఊరికే నేర్చుకోనిచ్చాను. ఆ తర్వాత ఎవరి తీరైనా మారితే హెచ్చరిక ముద్రిస్తుంది. వారానికోసారి ఆ కాగితాలు హైదరాబాదుకు వెళ్లేవి. అక్కడి జాయింట్ డైరెక్టరుకు ఈ ఆలోచన బాగా నచ్చింది. మహబూబ్‌నగర్‌లోనూ పెట్టిరమ్మని ఫిబ్రవరిలో నన్ను డిప్యుటేషన్ మీద పంపారు.

మార్చిలో తిరిగి వచ్చేసరికి ఆఫీసు వరండాలో మర్రిగూడ వైపు నుంచి వచ్చిన రైతు ఒకాయన కూర్చుని ఉన్నాడు. పేరు లింగయ్య. ఫ్లోరైడ్ నీళ్లకు నడుము సగానికి వంగిపోయి, మనిషి ముఖం చూడాలంటే మెడ పక్కకు తిప్పాల్సి వచ్చేది. "ట్యాంకర్ బందైంది సార్. మళ్ల గా బోరు నీళ్లే తాగుతున్నం. మా పని అయిపోయింది, పోరగాండ్లకన్న మంచినీళ్లు పొయ్యుండ్రి" అన్నాడు. వెతికితే తెలిసింది. వాళ్ల ఊళ్ల ఫలితాలు ఒక కట్ట మొత్తం మోత్కూర్ కోడ్ కింద ఎక్కాయి. మోత్కూర్‌కు అక్కర్లేని ట్యాంకర్లు పోతున్నాయి, వీళ్లవి ఆగిపోయాయి. మా కేంద్రం డిప్యూటీ డైరెక్టరు సంతకంతో కోడ్ దిద్దించి ట్యాంకర్లు తిరిగి నడిపించాం. కథ అక్కడితో ముగియాల్సింది.

కానీ ఆ కట్ట ఎక్కింది షహనాజ్ పాస్‌వర్డ్‌తో, సాయంత్రం నాలుగు దాటాక. నేను లేని రోజుల్లో నా ప్రోగ్రాం ఆమె పేరు మీద దాదాపు రోజూ హెచ్చరిక ముద్రించింది: నాలుగింటి తర్వాత ఈ కుర్చీలో ఉన్నది ఈ మనిషి కాదు. హైదరాబాదులో ఆ కాగితాలూ మర్రిగూడ ఫిర్యాదూ ఒకే బల్ల మీదకు చేరాయి. జాయింట్ డైరెక్టరు ఫోన్ చేశారు. ఎవరో పాస్‌వర్డ్ దొంగిలించి కావాలని లెక్కలు తారుమారు చేశారని, నా యంత్రం పట్టేసిందని, దొంగ పేరు వారంలో కావాలని. అభినందించారు కూడా.

షహనాజ్‌ను పిలిచి అడిగాను. "నేనే చేసిన సార్, పరేషాన్‌ల తప్పు కొట్టిన" అంది. ఆ వేగం ఆమెది కాదని కాగితం చూపించాను. తల వంచుకుని, నేనే సార్ అని మళ్లీ అంది. పర్మనెంట్ ఫైలు సంగతి గుర్తుచేశాను. అయినా మాట మార్చలేదు.

అప్పుడు సుజాత సీట్లోంచి లేచి వచ్చింది. "గామెను అడుగుడు బంద్ చెయ్యుండ్రి సార్. కూసున్నది నేను, కోడ్ తప్పు కొట్టింది నేను. రంజాన్ నెల గద, రోజా ఇడిచే యాళ్లకు ఇంటికి పోవాల్నని నాలుగింటికి పంపి, మిగిలిన పని నేను చేసిన. బతుకమ్మకు నేను జల్ది పోతే గామె నా సీట్ల కూసోలేదా? గప్పుడు మీ మిషన్ ఏమన్నదా?"

మిషన్ ఏమీ అనలేదు. పాత రికార్డు తీసి చూశాను. అక్టోబరులో బతుకమ్మ రోజుల్లో, నాలుగింటి తర్వాత సుజాత పేరు మీద చకచకా పరుగెత్తిన చెయ్యి ఒకటి ఉంది. అది షహనాజ్‌ది. అప్పటికి యంత్రం నేర్చుకుంటోంది, చూసిందల్లా మామూలే అనుకుంది. రంజాన్ వచ్చేసరికి దాని చదువు అయిపోయింది. ఇద్దరు ఆడవాళ్లు ఏళ్ల తరబడి ఒకరికొకరు చేసుకుంటున్న ఒకే సాయం ఒక పండుగకు అలవాటు అయింది, ఇంకో పండుగకు దొంగతనం అయింది. తేడా ఒక్కటే, నేను మొదలుపెట్టిన నెల.

ఇదంతా వివరంగా రిపోర్టు రాశాను. తప్పు కోడ్ పొరపాటేనని, దొంగ లేడని, సీట్లు మారడం ఆఫీసు మొత్తానికి ఉన్న అలవాటని. మా డిప్యూటీ డైరెక్టరు పేజీలు తిప్పి, "ఇంత పొడుగు ఎవరు చదువుతరయ్యా?" అన్నారు. మంచివాడు, నిజమే చెప్పాడు.

ఉత్తర్వులు వచ్చాయి. తప్పు కోడ్ కొట్టిన సుజాత పర్మనెంట్ కాబట్టి హెచ్చరిక మెమోతో సరిపెట్టారు. షహనాజ్ పాస్‌వర్డ్ ఇచ్చింది కాబట్టి, తాత్కాలిక ఉద్యోగి కాబట్టి, కాంట్రాక్టు పొడిగించలేదు. పర్మనెంట్ ఫైలు మూసేశారు. ఆధారం నా సర్క్యులర్ మీద ఆమె సంతకం. అదే సర్క్యులర్ మీద సుజాత సంతకమూ ఉంది, అటెండరుదీ ఉంది.

నాకు ఒళ్లు మండిపోయింది. బస్సెక్కి హైదరాబాదు వెళ్లి జాయింట్ డైరెక్టరు ఎదుట నిలబడ్డాను. యంత్రం వేరే మనిషి అంది గాని దొంగ అనలేదు సార్ అన్నాను. "నీ మిషనే చెప్పింది కదయ్యా, మళ్లీ నువ్వే కాదంటే ఎట్లా?" అన్నారాయన. శంఖంలో పోస్తే గాని తీర్థం కాదు. అదే సంగతి నా నోటితో చెబితే సాకు అయింది, ప్రింటరు చెబితే సాక్ష్యం అయింది. నేను వెనుదిరుగుతుంటే, ఈ ప్రోగ్రాం అన్ని జిల్లాల్లో పెడుతున్నామని, ప్రధాన కార్యాలయంలో కొత్త విభాగానికి నన్నే తీసుకుంటున్నామని చెప్పారు. ఇన్నాళ్లూ వాళ్లు నవ్విన రెండు పడవలకూ కలిపి ఒక ఉద్యోగం పుట్టింది. ఇంట్లో సంతోషించారు. నాకు నిద్ర కావాలనిపించింది.

వెళ్లిపోయే ఉద్యోగి పాస్‌వర్డ్‌ను సిస్టమ్ నుంచి తొలగించడం, ఆ మనిషి ఎదుటే చేయడం, పద్ధతి ప్రకారం నా పని. షహనాజ్ పక్కన నిలబడి చూసింది. నా మీద కోపం చూపలేదు, చూపితే బాగుండేది. "మర్రిగూడకు ట్యాంకర్ మళ్ల పోతున్నదా సార్?" అని అడిగింది. పోతోందన్నాను. సుజాత ఆమెను బస్టాండు దాకా దిగబెట్టడానికి సెలవు చీటీ లేకుండానే వెళ్లింది. ఆ రోజు సుజాత సీట్లో ఎవరు పనిచేశారో నేను చూడలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా అదే పని చేశాను. యంత్రాలు మారాయి, పేర్లు పెద్దవయ్యాయి. ఈ రంగంలోకి వద్దామనుకునే పిల్లలు ఏం నేర్చుకోవాలని అడుగుతుంటారు. భాషలూ పద్ధతులూ ఎవరైనా నేర్పుతారు. కాపలా యంత్రం ఉన్న ప్రతి ఆఫీసులో నేను రెండు ప్రశ్నలు అడిగేవాణ్ణి. ఇది ఏ నెలలో నేర్చుకుంది? ఇది వేలు చూపిస్తే ఉద్యోగం పోయేది ఎవరికి? మొదటిదానికి ఎక్కడైనా జవాబు చెప్పేవారు. రెండోది సాంకేతిక విషయం కాదని మీటింగు మినిట్స్‌లో ఎక్కించేవారు కాదు.