యాదగిరన్నకు నేను చెప్పిన మాట

ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. నాన్నకు చెప్పలేదు. పెళ్లయ్యాక మా ఆయనకూ చెప్పలేదు. చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారపు ఆదివారం ఎవరిని వారు పరీక్షించుకోమంటారు పాస్టరుగారు. తల వంచుకుంటాను. సీతాఫల్‌మండిలో ఒక ఇంటి గుమ్మం కళ్లముందుకొస్తుంది. అయినా లేచి వెళ్లి రొట్టె తీసుకుంటాను. ఇది చదివే మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిదేమో. ముఖం చూస్తూ చెప్పగలిగే ధైర్యమే ఉంటే ఎప్పుడో చెప్పి ఉండేదాన్ని.

నేను బీమా కంపెనీలో పనిచేస్తాను. ఇప్పుడు నా కింద చాలామందే ఉన్నారు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు, మొదట ఏ కంపెనీలో చేరితే మంచిది మేడమ్ అని అడుగుతుంటారు. పని ఎలా నేర్పిస్తారో చూడండి, మీ పైన ఉండే మనిషి ఎలాంటివాడో చూడండి అంటాను. అందులో అబద్ధమేమీ లేదు. నా మొదటి కంపెనీని నేనెలా ఎంచుకున్నానో మాత్రం చెప్పను.

అప్పటికి రాష్ట్రం ఇంకా ఒకటే. ప్రైవేటు బీమా కంపెనీలు సికింద్రాబాదులో అప్పుడప్పుడే ఆఫీసులు తెరుస్తున్నాయి. మా ఇల్లు బోయిగూడలో. నాకు డిగ్రీ అయింది, ఉద్యోగం లేదు. మా వెనక వీధిలో రాజమణి అక్క ఉండేది. భర్త పనిచేసే మిల్లు మూతపడ్డాక బీమా ఏజెంటుగా ఇల్లంతా ఆమే నడిపింది. నేను ఖాళీగా ఉండడం చూసి ఒకరోజు మా ఇంటికొచ్చింది.

"ఇంట్ల కూసొని ఏం జేస్తవ్? నా ఎంబడి రా. పని నచ్చితే మా ఆఫీసర్‌తోని మాట్లాడి పరీక్ష రాయిస్త" అంది.

కొన్ని నెలలు ఆమె వెంట తిరిగాను. ఇంట్లో అడుగు పెట్టగానే పాలసీ మాట ఎత్తకూడదని, ఇచ్చిన మంచినీళ్లు వద్దనకూడదని ఆమె దగ్గరే నేర్చుకున్నాను. పిల్లల ఎదుట చావు మాట అసలు తెచ్చేది కాదు. వాళ్లు ఆడుకోవడానికి బయటికి వెళ్లేదాకా కూరగాయల ధరల గురించో, నల్లా నీళ్ల గురించో మాట్లాడుతూ కూర్చునేది. ఆ ఇళ్లలో వాళ్లు నన్ను కూడా ఇంటి మనిషిలాగే చూశారు. అక్క మనిషిని కదా.

వాళ్లలో ఒకడు యాదగిరన్న. సీతాఫల్‌మండిలో ఉండేవాడు. పెళ్లిళ్లకూ ఫంక్షన్లకూ షామియానాలు వేయడం ఆయన పని. భార్య సుజాత, అప్పుడప్పుడే నడక నేర్చిన ఒక పాప. నాకేమవుతుందక్కా అని నవ్వుతూనే, అక్క మాట కాదనలేక ముందటేడు పాలసీ తీసుకున్నాడు. నన్ను చెల్లె అని పిలిచేవాడు.

అదిగో, అప్పుడే మారేడ్‌పల్లిలో ఒక కొత్త కంపెనీ ఆఫీసు తెరిచింది. నేను అక్కకు చెప్పకుండా ఇంటర్వ్యూకి వెళ్లాను. అద్దాల తలుపులు, చల్లటి గది, అందరి మెడలోనూ ఫొటో ఉన్న కార్డు. ఇంట్లో తినడానికి లేక వెళ్లానని చెప్పుకోవడానికి లేదు. మాకు అంత ఇబ్బందేమీ లేదు. ఎండలో చెప్పులు అరిగేలా తిరిగే రాజమణి అక్కలా అయిపోతానేమోనని భయపడ్డాను. ఆ కార్డు నా మెడలో ఉంటే చర్చిలో నలుగురూ ఎలా చూస్తారో ఊహించుకున్నాను. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉందా అని చాలాసార్లు వెతికాను. లేదు.

అక్కడి మేనేజరు నా మార్కులు చూడలేదు. "మీ వెనక ఎంతమంది వస్తారు? ఖాళీ చేతులతో వచ్చేవాళ్లు నాకు రోజూ కనిపిస్తారు" అన్నాడు. అక్క తిప్పిన ఇళ్లన్నీ మనసులో మెదిలాయి. చాలామందే వస్తారు సార్ అన్నాను. శిక్షణకు రమ్మన్నాడు. అది అయ్యాక పరీక్ష, ఆ తర్వాత లైసెన్సు.

అక్కకు ఈ విషయం చెప్పకముందే ఆమె కూతురికి నెలలు నిండాయి. కానుపు కోసం అక్క కరీంనగర్ వెళ్లాల్సి వచ్చింది. వెళ్తూ మా గుమ్మంలో నిలబడి, "జెర మనోళ్లను చూస్కో బిడ్డా. యాదగిరి కిస్తు దగ్గరికొచ్చింది. పనిల వడితే ఆయనకేం యాదుండదు. నువ్వు పోయి యాది జెయ్యి" అంది.

సరే అన్నాను.

వెళ్లాను కూడా. ఆ రోజు సుజాత పుట్టింటికి పోయింది. యాదగిరన్న వాకిట్లో కూర్చుని చిరిగిన షామియానా గుడ్డ కుట్టుకుంటున్నాడు. అక్క ఈ పని మానేసిందని, కూతురి దగ్గరే ఉండిపోతుందని చెప్పాను. పాత పాలసీకి కిస్తు కట్టొద్దని, నాకు లైసెన్సు రాగానే కొత్త కంపెనీలో ఇంతకంటే మంచిది చేయిస్తానని చెప్పాను. నా మొదటి పాలసీ నీదే కావాలన్నా అని బతిమాలాను. ఆయన సూది ఆపి, అక్కనే చెప్పిందా అని అడిగాడు. అవునన్నాను. అయితే ఇంకేంది చెల్లె, గట్లనే చేద్దాం అన్నాడు.

శిక్షణ సాగింది. పరీక్ష వెనక్కి జరిగింది. కిస్తు తేదీ పోయింది. తర్వాత కట్టుకోవడానికి కంపెనీ ఇచ్చే అదనపు గడువు కూడా పోయింది. పాలసీ ఆగిపోయింది, ఇక ఆయనకేమైనా అయితే ఇంటికి పైసా రాదు. అది నాకు తెలుసు. తెలియక జరిగిందని మీరు అనుకోకూడదు. గడువు ఇంకా ఉండగానే ఒక సాయంత్రం సీతాఫల్‌మండి మీదుగానే ఇంటికి వచ్చాను. వెళ్లి, ప్రస్తుతానికి కట్టేయన్నా అని ఒక్క మాట చెబితే సరిపోయేది. చెబితే నా మొదటి పాలసీ పోతుందని చెప్పలేదు.

నాకు లైసెన్సు రాకముందే, ఒక పెళ్లి పందిరి వేస్తున్నప్పుడు యాదగిరన్న చేతిలోని ఇనప గొట్టం పైనున్న కరెంటు తీగకు తగిలింది. ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే ప్రాణం పోయింది.

కబురు విని అక్క కరీంనగర్ నుంచి పరుగున వచ్చింది. నన్ను వెంటబెట్టుకునే ఆ ఇంటికి వెళ్లింది. పాలసీ ఉంది కదా, బీమా డబ్బు ఇప్పించే పనులన్నీ తనే దగ్గరుండి చూడాలని వచ్చింది పాపం. సుజాత గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అక్కను చూసి లేవలేదు.

"పని ఇడిసిపెట్టి పోయినవంట గద. పోయేటప్పుడు మా ముఖం చూసి ఒక్క మాట చెప్తే ఏమాయె? నిన్ను నమ్మే గద ఆయన సంతకం వెట్టిండు" అంది.

అక్కకు ఏమీ అర్థం కాలేదు. నేనెక్కడ విడిచిపెట్టానని అడిగింది. ఆయనే చెప్పాడంది సుజాత. ఆయనకు ఆ మాట ఎవరు చెప్పారో సుజాతకు తెలియదు. వాకిలి నిండా జనం. వాళ్లలో అక్క పాలసీలు చేయించినవాళ్లు ఎందరో. అందరి ఎదుటా సుజాత ఆమెను నానా మాటలూ అంది. పాప వచ్చి నా చున్నీ పట్టుకుంది. నేను దాన్ని ఎత్తుకుని నిలబడ్డాను.

సందు చివరకు వచ్చాక అక్క ఆగింది.

"నువ్వు యాదగిరిని కలిసినవా?"

"కలిశానక్కా."

"కిస్తు సంగతి యాది చేసినవా?"

"చేశాను. కడతానన్నాడు."

"మరి నేను పని ఇడిసిన్నని ఆయనకెవరు చెప్పిన్రు?"

"నాకు తెలీదక్కా. నువ్వు కరీంనగర్ వెళ్లావన్నాను. ఆయనే అలా అనుకున్నాడేమో."

అక్క నా ముఖంలోకి కాసేపు చూసింది. "గంతే గావచ్చు. పనిల వడి సరిగ్గ ఇనలేదేమో, పాపం" అంది. కొంగుతో కళ్లు తుడుచుకుని నడిచింది.

మొదటి అబద్ధం ఆశతో ఆడాను. ఆయన చనిపోతాడని నాకేం తెలుసు? ఆ ఒక్క మాట పట్టుకుని చాలా రాత్రులు నిద్రపోయాను. కానీ రెండో అబద్ధం? అన్నీ తెలిసి, బతికున్న మనిషి ఎదుట నిలబడి, తిరిగి వచ్చి కాదనలేని మనిషి మీదికి తప్పు తోసేశాను. అప్పుడు నన్నెవరూ తొందరపెట్టలేదు. ఎవరూ బెదిరించలేదు. అక్క తిట్టేది కూడా కాదు. బహుశా నన్ను కాపాడే ఉండేది.

తర్వాత చాలా ఇళ్లవాళ్లు అక్కను రానివ్వలేదు. తను ఊళ్లో లేకపోవడమే తప్పని ఆమె సుజాతకు మళ్లీ మళ్లీ చెప్పుకుందట. కొన్నాళ్లకు నిజంగానే పని మానేసింది. నన్ను మళ్లీ ఎప్పుడూ తన వెంట రమ్మనలేదు. కొత్త కంపెనీలో చేరానని తెలిసి, మంచిగ చెయ్యి బిడ్డా అంది. ఆమెకు తెలుసా? తెలిసే ఊరుకుందా? ఆ సందు చివర నా ముఖంలో ఏం చూసింది? అడిగే అవకాశం ఇక లేదు. పోయినేడు అక్క చనిపోయింది.

ఆ కబురు చెప్పడానికి సుజాత దగ్గరికి వెళ్లాను. ఒక లేడీస్ హాస్టల్లో వంట చేస్తోంది. జుట్టు బాగా నెరిసింది. పాపను టెన్త్‌తో చదువు మాన్పించి పనికి పంపాల్సి వచ్చిందట. అక్క పోయిందని చెప్పాను. "మనిషి మంచిదే గని, మమ్మల్ని ముంచి పోయింది. నా కోపం ఇంక పోలే మేడమ్" అంది. ఒకప్పుడు తనూ నన్ను చెల్లె అనేది.

నిజం నోటిదాకా వచ్చింది. ఏమైనా అవసరమైతే ఫోన్ చేయమని మాత్రం చెప్పి వచ్చేశాను. చనిపోయిన మనిషి మీద ఉన్న నిందను కూడా తీసేయలేకపోయాను.

అందుకే ఇది రాస్తున్నాను. మీరు క్షమించాలని కాదు. క్షమించడానికి మీరెవరు? ఆ హక్కున్నవాళ్లలో ఇద్దరు పోయారు. ఉన్న తల్లీకూతుళ్లకు ఇంకా చెప్పలేదు. చెబుతానో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. నా మీద నాకు అంత నమ్మకం లేదు.

రాజమణి అక్క పని మానేయలేదు. యాదగిరన్న మరిచిపోలేదు. కిస్తు కట్టొద్దన్నది నేను. అక్కే చెప్పిందన్నదీ నేనే.

రాయగలిగాను. ఇన్నేళ్లలో మొదటిసారి ఊపిరి కిందిదాకా దిగింది.