మొదటి బిల్లు ముహూర్తం

రెండువేల పదికి కాస్త ముందు సంగతి. విజయవాడలో నేను పనిచేసే ఆసుపత్రికి కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చారు. బిల్లులు, మందుల స్టాకు, జీతాలు, అన్నీ ఇక ఇంటర్నెట్‌లోనే. లెక్కలు మన కంప్యూటర్లో ఉండవట, ఆ కంపెనీవాళ్ల దగ్గరే ఎక్కడో ఉంటాయట. "అయితే నెట్టు పోతే మన లెక్కలన్నీ గాల్లోనేనా?" అని మా అకౌంటెంటుగారు ఒకటే బెంగ.

హైదరాబాదు వెళ్లి అది నేర్చుకొచ్చింది నేనే. బిల్లింగు చూసేదాన్ని. మా ఆయన పోయి అప్పటికి ఏడాది తిరగలేదు. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక, ఎవరూ ఒప్పుకోని ట్రైనింగుకి నేను పోతానన్నాను. పని పట్టుబడ్డాక, చాన్నాళ్లకి నా మీద నాకే కాస్త గౌరవం కలిగింది.

మొదలుపెట్టే రోజుకి డాక్టరుగారి భార్య ముహూర్తం పెట్టించారు. మానిటరుకి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. కొబ్బరికాయ కొట్టారు. నేను కుర్చీ దగ్గరికి వెళ్తుంటే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు.

"ఏమీ అనుకోకమ్మా. మొదటి బిల్లు ముత్తయిదువ చేత్తో కొట్టిద్దాం. నువ్వు కాసేపు గుమ్మం బయట ఉండు."

ఆసుపత్రండీ అది! చావూ పుట్టుకా నన్నడిగి వస్తాయా అని కడిగేద్దామనుకున్నాను. తల కొట్టేసినట్టయింది. నర్సులు, ఆయాలు, ఉయ్యూరు నుంచి వచ్చి వరండాలో కూర్చున్న పేషెంట్లు, అందరూ చూస్తుండగా వెళ్లి గుమ్మం బయట నిలబడ్డాను.

నా కుర్చీలో గన్నవరం నుంచి కొత్తగా చేరిన అమ్మాయిని కూర్చోబెట్టారు. కొత్త పెళ్లికూతురు. కంప్యూటరేమో పాస్‌వర్డ్ అడిగింది. అప్పటికి నా ఒక్కదానికే ఉంది. మిగతావాళ్లకి నేనే తయారుచేసివ్వాలి. ముహూర్తం హడావుడిలో ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

"వర్జ్యం వచ్చేస్తోంది, కానివ్వండమ్మా!" అని అకౌంటెంటుగారి తొందర.

"నేనొచ్చి కొట్టేస్తానండీ," అన్నాను.

"వద్దొద్దు, అక్కడినుంచే చెప్పమ్మా," అన్నారావిడ.

నా పాస్‌వర్డ్ మా ఆయన పేరు. కాపురం చేసినన్నాళ్లూ ఆ పేరు నేను పైకి పలకలేదు. మా ఇళ్లల్లో ఆడవాళ్లు భర్త పేరు పలకరు, "ఏవండీ" అంతే. ట్రైనింగులో పాస్‌వర్డ్ పెట్టుకోమన్నప్పుడు, నోటితో అననక్కర్లేదు కదా, తెర మీద కూడా చుక్కలే కదా పడేదని ధైర్యం చేశాను. రోజూ పొద్దున్నే ఒకసారి ఆయన్ని పిలిచినట్టుంటుందని ఆశపడ్డాను.

ఆ పేరునే గుమ్మం అవతల నిలబడి, ఒక్కో ఇంగ్లీషు అక్షరం విడివిడిగా, లోపలున్నవాళ్లకి వినపడేలా గట్టిగా చెప్పాను. సిగ్గుతో చచ్చిపోయాను. "వచ్చేసింది!" అని అందరూ చప్పట్లు కొట్టారు.

మొదటి బిల్లు అయ్యాక ఆ అమ్మాయి లడ్డూ పట్టుకుని నా దగ్గరికొచ్చింది. పాపం, మంచి పిల్ల.

"ఎవరి పేరండీ అది? మీ అబ్బాయిదా?"

"అవునమ్మా," అన్నాను.

నాకు పిల్లల్లేరు.